మెత్తని నట్టు, మొండి పానా



మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్న సామెతకు మెకానికు షెడ్డులో దొరికినంత చక్కని దృష్టాంతం నాకు మరెక్కడా దొరకలేదు. ఉక్కు నట్టు దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకొని పనిచేసే మనిషి సైతం, డీజిలు పైపుకుండే ఇత్తడి నట్టు ఎదురుకాగానే చేతికందిన దానితో దానిమీద పడతాడు. కటింగ్ ప్లేయరు అందితే దానితో, పైపు రెంచి అందితే దానితో. నట్టు తిరుగుతుంది, నిజమే. తిరిగిన ప్రతిసారీ దాని మూలలు కాస్త కాస్త రాలిపోతాయి. నాలుగోసారికో అయిదోసారికో ఆరు పలకల నట్టు గోళీకాయ ఆకారం దాలుస్తుంది. అప్పుడు మెకానికు తల ఎత్తి, "ఇత్తడి కదండీ, మెత్తన" అంటాడు. తప్పు లోహానిదన్నమాట!

తెలుగు పండితుడికి నట్లతోనూ పానాలతోనూ పనేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. ఉద్యోగ విరమణానంతరం నా సాయంకాలాలు చాలావరకు నా పూర్వ విద్యార్థి ఒకడు నడుపుకొంటున్న షెడ్డు ముందు చెక్కబల్లమీద గడుస్తున్నాయి. తరగతిలో నా ఛందస్సు పాఠాలకు నిద్రపోయిన ఆ అబ్బాయి, ఇంజను ముందు కూర్చుంటే చూపే శ్రద్ధ చూసి నాకు ముచ్చట వేస్తుంది. ఈ టపాలో నేను చెప్పబోయే సాంకేతిక విషయాలలో సగం అతడి నోట విన్నవి, సగం అతడి చేతి పనిని చూసి తెలుసుకొన్నవి. అభిప్రాయాలు మాత్రం నావే. వాటిలో ముఖ్యమైనది ముందే చెప్పివేస్తాను. ఇంధనపు పైపుల మెత్తని నట్లకు తగిన పానా లేకుండా షెడ్డు తెరిచి కూర్చోవడం, సుద్దముక్క లేకుండా బడికి వెళ్ళడం వంటిది కాదు. అంతకంటె పెద్ద తప్పు. సుద్దముక్క లేకపోతే పాఠం నోటితోనైనా సాగుతుంది. ఇక్కడ పాడయ్యేది ఇంకొకరి వస్తువు, ఇంకొకరి పంట.

అసలు ఈ నట్లను మెత్తని లోహంతో ఎందుకు చేస్తారు? వ్యాకరణంలో వలెనే యంత్రంలో కూడా చిక్కంతా సంధి దగ్గరే. పైపు మధ్యలో కారదు, అతుకు దగ్గర కారుతుంది. రాగి గొట్టం చివరను ఉమ్మెత్త పువ్వులాగ విప్పారేటట్లు సాగదీస్తారు. దీనినే ఫ్లేరు అంటారు. ఆ విప్పారిన అంచును శంకువు ఆకారంలో ఉన్న పీటమీద కూర్చోబెట్టి, వెనుకనుండి నట్టు బిగిస్తారు. నూనెను ఆపేది నట్టు మర కాదు, పీటమీద అదుముకొన్న ఆ రాగి అంచు. మర చేసే పని వెనుకనుండి నెట్టడమే. రాగి మెత్తన కనుక పీటలోని సన్నసన్నని గరుకులలోకి ఒదిగి కూర్చుంటుంది. బాంజో బోల్టు కింద వేసే రాగి వాషరు, అల్యూమినియం వాషరు చేసేదీ ఇదే. గట్టి లోహం గట్టి లోహంమీద ఇంత సులువుగా ఒదగదు. కాబట్టి మెత్తదనం ఇక్కడ లోపం కాదు, కోరి తెచ్చుకొన్న గుణం. పైగా ఇత్తడి ఉక్కులాగ తుప్పుపట్టి బిగుసుకుపోదు. చక్కగా పనిచేసేవాడి చేతిలో ఎన్నేళ్ళకైనా తిరిగి ఊడి వస్తుంది.

ఈ సందర్భంలో ఒక చిన్న ముచ్చట. ఉక్కును ఎఱ్ఱగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. రాగిని అలాగే కాల్చి ముంచితే మెత్తబడుతుంది. ఒకసారి బిగించిన రాగి వాషరు దెబ్బతిని గట్టిపడుతుంది కనుక, తెలిసిన పనివాడు దానిని మళ్ళీ కాల్చి మెత్తన చేసుకొని వాడుకొంటాడు. మా అబ్బాయి షెడ్డు వెనుక ఈ పని చేస్తుండగా చూసి నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఒకే అగ్ని, ఒకే నీరు, రెండు లోహాలకు రెండు స్వభావాలు.

పట్టణాలలో ఉన్న మిత్రులకు ఈ నట్లు ఎంత తరచుగా విప్పవలసి వస్తుందో తెలియకపోవచ్చు. 2004 తరువాత ఉచిత విద్యుత్తు వచ్చి బోర్ల దగ్గర మోటార్లు విస్తరించాయి గాని, డెల్టా చివరి భూములలో కాలువ గట్టుమీదా, మురుగు కాలువ గట్టుమీదా నేటికీ ఆయిలు ఇంజన్లే నీరు తోడుతున్నాయి. డీజిలు ఇంజనుకు ఒక బలహీనత ఉన్నది. టాంకీలో నూనె అయిపోయి పైపులోకి గాలి చొరబడితే, తరువాత టాంకీ నిండా నూనె పోసినా అది మొరాయించవచ్చు. పంపు ఎంత నొక్కినా గాలి నలిగి ఊరుకుంటుంది తప్ప నాజిలు దాకా నూనె వెళ్ళదు. అప్పుడు ఫిల్టరు దగ్గర నట్టు వదులు చేసి, బుడగలు ఆగి నూనె ధారగా వచ్చేవరకు వదిలి, మళ్ళీ బిగించాలి. తరువాత పంపు దగ్గర, ఆ తరువాత నాజిలు దగ్గర. దీనినే "గాలి తీయడం" అంటారు. ఫిల్టరు మార్చినా ఇదే తంతు. ఒక్క పంటకాలంలో ఒక్కొక్క నట్టు ఎన్నిసార్లు విప్పుకొంటుందో ఊహించుకోండి. ఇన్నిసార్లు విప్పవలసిన నట్టునే మనం అతి మోటు పరికరంతో పట్టుకొంటున్నాము.

ఇప్పుడు పానా సంగతి. ("పానా" అన్నది మనకే ప్రత్యేకం కాదు, మరాఠీవారూ హిందీవారూ కూడా ఇదే మాట అంటారు. ఎంత చక్కగా మన నోట కలిసిపోయిందో! స్పానరు అనే అవసరం నాకెప్పుడూ కలుగలేదు.) రెండు దవడలు తెరుచుకొని ఉండే మామూలు పానా నట్టు ఆరు పలకలలో రెండింటినే తాకుతుంది. బలం వేసిన క్షణంలో ఆ రెండు పలకలమీద కూడా కాక, ఎదురెదురుగా ఉన్న రెండు మూలలమీదకే భారమంతా వెళుతుంది. నట్టు ఉక్కుదైతే ఓర్చుకుంటుంది. ఇత్తడిదైతే మూల జారిపోతుంది. రింగు పానా నట్టును చుట్టుముట్టి ఆరువైపులా భారం పంచుతుంది కనుక అది ఎంతో మేలు. కాని డీజిలు పైపు నట్టుకు రింగు పానా తొడగడం ఎలా? నట్టు వెనుక పైపు ఉన్నది. పైపు రెండో చివర కూడా ఇంకో నట్టుతో బిగించి ఉన్నది. రింగును అటునుండీ దూర్చలేము, ఇటునుండీ దూర్చలేము.

ఈ చిక్కుకు పరిష్కారం ఎప్పుడో కనిపెట్టారు. రింగు పానాలో ఒకచోట, పైపు దూరేటంత మేర కోసివేస్తారు. ఆ కోతలోనుంచి పైపును లోపలికి పోనిచ్చి, పానాను నట్టుమీదికి జరిపితే, అది అయిదువైపులా పట్టుకొంటుంది. రెండు మూలలమీద పడవలసిన భారం అయిదింటికి పంచుకుపోతుంది. దీనిని ఫ్లేర్ నట్ పానా అని బజారులో అడగాలి. తెలుగులో దీనికి పేరున్నట్లు నేను ఎరుగను. షెడ్డులో "కోసిన రింగు" అంటున్నారు. నాకు మాత్రం "గండి పానా" అనాలనిపిస్తుంది. గట్టుకు గండి పడినట్లు రింగుకు గండి పడింది కదా! గండి పడడంవల్ల పనికివచ్చే వస్తువు లోకంలో ఇదొక్కటేనేమో.

అయితే గండి పానా ఉన్నంత మాత్రాన సరిపోదు, కొలత కుదరాలి. షెడ్డులో పానాలను "పది-పదకొండు", "పన్నెండు-పదమూడు", "పద్నాలుగు-పదిహేను" అని జంటలుగా పిలుస్తారు. ఒక్కొక్క చివర ఒక్కొక్క కొలత. నాకిది ద్వంద్వ సమాసంలాగ వినిపించి నవ్వు వస్తుంది. సమాసంలో ఏ పదం ముందున్నా అర్థం చెడదు గాని, పన్నెండు నట్టుకు పదమూడు చివర పెడితే నట్టు చెడుతుంది. ఒక మిల్లీమీటరే కదా అంటారు. ఉక్కుమీద ఆ ఒక్క మిల్లీమీటరును క్షమించవచ్చునేమో, ఇత్తడి మీద క్షమించరాదు.

ఇంతకంటె సూక్ష్మమైన చిక్కు అంగుళాలది. మన దేశంలో దశాంశ కొలతలకు చట్టం 1956లో వచ్చింది. కాని ఇంజన్ల నమూనాలు చాలావరకు ఇంగ్లండునుండి వచ్చినవి. వాటి నకళ్ళుగా రాజకోటలో తయారై మన పల్లెలకు చేరిన ఇంజన్లలో అంగుళాల నట్లు ఎన్నో ఏళ్ళు కొనసాగాయి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి పదమూడు పానా పెడితే వదులు 0.3 మాత్రమే, చేతికి తెలియదు; మూలకు తెలుస్తుంది. ముప్పాతిక అంగుళం 19.05 కనుక పంతొమ్మిది పానా చక్కగా అమరుతుంది. ఇక విట్‌వర్త్ కొలతలు మరీ తికమక. ఆ పానామీద ¼ అని ఉంటే అది పానా నోటి కొలత కాదు, బోల్టు మందం కొలత. నోరు 0.525 అంగుళం, అంటే సుమారు 13.3 మిల్లీమీటర్లు. పదమూడు పట్టదు, పద్నాలుగు జారుతుంది. మన షెడ్లలో ఎవరూ దీనికి విసుగుచెందరు. స్క్రూ రెంచి తీసి బిగించి కానిచ్చేస్తారు. ఆ స్క్రూ రెంచిని కూడా సరైన వైపు తిప్పరు. దానిలో ఒక దవడ కదలనిది, ఒకటి కదిలేది. భారం కదలని దవడ మీద పడేటట్లు, కదిలే దవడ ఉన్న వైపుకు తిప్పాలి. తిరగేసి తిప్పితే దవడ వెనక్కి జరిగి నట్టు మూలను చెక్కుతుంది. ఇంత చిన్న సంగతి చెప్పే గురువు కుఱ్ఱవాళ్ళకు దొరకడంలేదు.

పట్టుకారులతో పట్టడంలో ఇంకొక అనర్థం ఉన్నది. ఈ నట్లు బోలుగా, పలుచగా ఉంటాయి. ప్లేయరుతోగాని పైపు రెంచితోగాని రెండువైపులనుండి నొక్కితే నట్టు కోడిగుడ్డు ఆకారంలోకి నలుగుతుంది. నలిగిన నట్టు లోపలి మరను మరింత గట్టిగా కరుచుకుంటుంది. అంటే ఊడదీయడానికి వేసిన బలమే ఊడకుండా ఆపుతున్నది! అది గ్రహించక ఇంకా బలంగా నొక్కుతారు. నట్టు తిరగకపోగా దానితో పాటు రాగి గొట్టం తాడులాగ మెలితిరుగుతుంది.

మా ప్రాంతంలో ఒక దాళ్వాలో జరిగినది చెబుతాను. కాలువ నీరు వంతులవారీగా వదులుతున్న రోజులు. చివరి భూమి సాగుచేస్తున్న ఒక కౌలు రైతు తన వంతు నీరు తోడుకొంటుండగా, అర్ధరాత్రి డీజిలు అయిపోయి ఇంజను ఆగిపోయింది. డీజిలు తెచ్చి పోశాడు. గాలి తీయబోతే ఫిల్టరు నట్టు అప్పటికే గుండ్రమై ఉంది. అంతకుముందు వచ్చిన మెకానికు పైపు రెంచి పళ్ళ గాట్లు దానిమీద స్పష్టంగా కనిపిస్తున్నాయి. తెల్లవారి అదే మెకానికు వచ్చి, అదే రెంచి పెట్టి, నట్టుతోపాటు పైపును కూడా మెలిపెట్టి చింపాడు. ఊళ్ళో అటువంటి పైపు లేదు. పట్నం వెళ్ళి తెచ్చి బిగించేసరికి వంతు దాటిపోయింది, కాలువలో నీరు అడుగంటింది. పైరు పొట్ట దశలో ఉన్నది. చేను మొత్తం ఎండిపోయిందని అతిశయోక్తి చెప్పను. మెరకలో ఉన్న రెండు మడులు తాలుపోయాయి. కౌలు మాత్రం ఆ రెండు మడులకు కూడా కట్టాడు. పైపు డబ్బు ఆయనదే, పట్నం ఛార్జీలు ఆయనవే, మెకానికు కూలి కూడా ఆయనే ఇచ్చాడు. ఆ మెకానికుతో నేను మాట్లాడాను.

"నేనేం చేశానండీ మాస్టారూ! నట్టు మెత్తనిదండీ, నాసిరకం మాలు" అన్నాడు.

"మెత్తనిదని తెలిసినవాడివి, దానికి తగ్గ పానా తెచ్చుకోవద్దటయ్యా?" అన్నాను.

"ముప్ఫయ్యేళ్ళనుంచి ఈ రెంచితోనే లాగించానండి" అని సమాధానం.

ఈ ముప్ఫయ్యేళ్ళ వాదం నాకు చిరపరిచితం. బళ్ళలో బెత్తం పట్టుకొన్నవారు కూడా ఇదే చెప్పేవారు. ముప్ఫయ్యేళ్ళలో ఎన్ని నట్లు అతని చేతిలో చెడిపోయాయో ఎవరూ లెక్క వేయలేదు. ఎందుకంటే ఒక్కటి కూడా అతని ఖర్చులో చెడలేదు.

రెండో ఆక్షేపణ ఖరీదు. మామూలు గండి పానా కొన్ని వందల రూపాయలకు వస్తుంది. పైన చెప్పిన రైతు ఒక్క ఉదయం పెట్టిన ఖర్చుతో షెడ్డుకు కావలసిన రెండు మూడు కొలతలు కొనవచ్చును. మూడో ఆక్షేపణలో కొంత న్యాయమున్నది. గండి ఉండడంవల్ల ఈ పానాకు ఆరువైపుల రింగుకున్నంత బలం లేదు, మరీ బిగుసుకొన్న నట్టు మీద నోరు సాగిపోతుంది అంటారు. నాసిరకం పానా విషయంలో ఇది నిజం, అందుకే దళసరి గోడలున్నది ఎన్నుకోవాలి. అప్పటికీ కదలకపోతే, మర సందున తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా నాననివ్వాలి. తొందరపడి గ్యాసు మంట చూపడం మాత్రం ఇంధనపు పైపు దగ్గర ఎన్నడూ పనికిరాదు. పారవేయదలచిన నట్టును చివరి ప్రయత్నంగా గ్రిప్ ప్లేయరుతో పట్టినా నాకు అభ్యంతరం లేదు. చావు నిశ్చయమైనప్పుడు వైద్యుడు ఏ మందు వేసినా ఒకటే.

విప్పడం గురించి ఇంత చెప్పి బిగించడం గురించి చెప్పకపోతే వ్యాసం సగమే అవుతుంది. నట్టును మొదట వేళ్ళతోనే రెండు మూడు చుట్లు ఎక్కించాలి. వేళ్ళకు ఎక్కడంలేదంటే మర అడ్డంగా పడిందని అర్థం; వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. ఒక పానాతో అవతలి భాగాన్ని కదలకుండా పట్టి, రెండో పానాతో నట్టు తిప్పాలి. లేకుంటే మెలిక పైపుకు పోతుంది. కారుతున్నది కదా అని ఇంకా ఇంకా బిగించడం మహాపాతకం. కారేది అంచుమీద గీత పడో, ఇసుక రేణువు ఇరుక్కొనో. ఎంత బిగించినా గీత పోదు, రాగి అంచు మాత్రం పలుచనై చీలుతుంది. ఇక మరమీద తెల్ల టేపు చుట్టే వేడుక ఒకటుంది. నూనెను ఆపేది మర కాదని పైనే చెప్పాను. అక్కడ టేపు చుడితే ఒరిగేదేమీ లేదు, చినిగిన పోగులు నూనెలో కొట్టుకుపోయి సన్నని రంధ్రాలలో అడ్డుపడతాయి. కుళాయి పనివాడి విద్య ఇంజనుకు పనికిరాదు.

ప్రాణం సంగతి కూడా తలచుకోవాలి. సరిగా కూర్చోని అతుకునుండి పెట్రోలు బొట్టు బొట్టుగా వేడి సైలెన్సరు దగ్గరకు చేరితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. డీజిలు అంత తొందరగా అంటుకోదు గాని దానిది మరో ప్రమాదం. పంపునుండి నాజిలుకు వెళ్ళే ఉక్కు పైపులో ఒత్తిడి చాలా ఇంజన్లలో వాతావరణ పీడనానికి నూరు రెట్లకు పైబడి ఉంటుంది. దానిలోనుండి సన్నగా చిమ్మే తుంపర చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. పైకి సూది గుచ్చినంత గుర్తే కనిపిస్తుంది, లోపల చెయ్యి పోయే స్థితి రావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఎక్కడ కారుతున్నదో చేత్తో తడిమి చూసే అలవాటు మన కుఱ్ఱవాళ్ళకు ఉన్నది. అట్టముక్క అడ్డం పెట్టి చూడమని వారికి ఎవరైనా చెప్పాలి.

ఎవరైనా అంటే ఎవరు? ఐ.టి.ఐ.లో చదివినవాడికి పానాల పేర్లు, వాటి ప్రయోజనాలు పుస్తకంలో ఉంటాయి. పల్లె షెడ్డులో చేరే కుఱ్ఱవాడికి పుస్తకం లేదు. "ఒరే, పన్నెండు-పదమూడు తే" అన్న కేకే అతని పాఠం. ఆ పెట్టెలో ఏది ఉంటే అదే అతని విద్య. పెట్టెలో గండి పానా లేకపోతే, అటువంటిది ఒకటి లోకంలో ఉన్నదని కూడా అతనికి తెలియదు. రేపు అతడే షెడ్డు పెట్టి, ముప్ఫయ్యేళ్ళ తరువాత నాబోటి వాడికి అదే సమాధానం చెబుతాడు. నట్టు చెడినప్పుడు మాత్రం మొట్టికాయ అతనికే పడుతుంది. ఇది నేను కళ్ళారా చూశాను. చేతికి పరికరం ఇవ్వకుండా పని చెడగొట్టావని కొట్టడం ఏ శాస్త్రంలో ఉన్నది? అందుచేత నా అభ్యర్థన షెడ్డు యజమానులకే కాదు, ఇంజను కొనే రైతులకు కూడా. మీ ఇంజను నట్టు కొలత ఏదో కనుక్కొని, దానికి తగిన గండి పానా ఒక్కటి కొని ఇంజను దగ్గర పెట్టుకోండి. మెకానికు వచ్చినప్పుడు అతని చేతిలో అది పెట్టండి. మొహమాటపడకండి. పాడయ్యేది మీ నట్టు.

మా అబ్బాయి షెడ్డులో ఇప్పుడు మూడు గండి పానాలున్నాయి, గోడకు మేకులు కొట్టి తగిలించాడు. కుఱ్ఱవాళ్ళు ఎంత వెతికినా పైపు రెంచి కనబడకుండా దానిని లోపల బీరువాలో దాచాడు.

"గండి పానా" కంటె మంచి పేరు తోచిన మిత్రులు వ్యాఖ్యలో తెలుపగలరు. "ఖండిత వలయ కీలక విమోచని" వంటివి మాత్రం వద్దు; అటువంటివి నేనే డజను కల్పించగలను.